ఆ కాగితంలో ఎవరి పేరుంది?

(తాండూరులో మహిళా కార్మికులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచీ కూలి రేట్ల గురించీ, పాలిష్ మిషన్ల దగ్గర దుమ్ము గురించీ మాట్లాడుకున్నాం. నాకు అప్పగించిన విషయం చావు తర్వాతి సంగతి. భోజనాలయ్యాక ఎవరికీ వినబుద్ధి కాని విషయం. అందుకని ముందు కొన్ని ప్రశ్నలు అడుగుతాను, చేతులెత్తండి.

భర్తకు ప్రావిడెంట్ ఫండ్ కోత పడుతున్న వాళ్లెందరు? చాలామందే ఉన్నారు. ఆ పి.ఎఫ్. కాగితంలో ఆయన ఎవరి పేరు రాశాడో తెలిసిన వాళ్లు? ముగ్గురు. సరే, మీకే సొంతంగా పి.ఎఫ్. ఉన్నవాళ్లు? పదకొండు మంది. మీ కాగితంలో మీరే ఎవరి పేరు రాయించారో గుర్తున్న వాళ్లు? నవ్వుతున్నారు. వెనక కూర్చున్న సంస్థల కార్యకర్తలూ నవ్వుతున్నారు. మనం ఊరూరా తిరిగి హక్కులు చెప్తాం కానీ మన ఆఫీసు బీరువాలో మన ఫారం ఏమైందో మనకే తెలీదు.

తాండూరుకు ఈ విషయంతో ఒక పాత సంబంధం ఉంది. 1952లో ప్రావిడెంట్ ఫండ్ చట్టం వచ్చినప్పుడు మొదట ఆరు పరిశ్రమలకే వర్తింపజేశారు. వాటిలో సిమెంటు ఒకటి. ఇవాళ కరణ్‌కోట్, మల్కాపూర్ల వైపు చూస్తే ఫ్యాక్టరీల పొగగొట్టాలే కనిపిస్తాయి. ఆ పక్కనే బండల గనులు, ఊళ్లో పాలిష్ యూనిట్లు, పప్పు మిల్లులు. ఇరవైమంది పనిచేసే చోట పి.ఎఫ్. వర్తిస్తుంది. మన పాలిష్ యూనిట్లలో హాజరు పట్టీ మీద పందొమ్మిదో పేరు దగ్గర కలం ఎందుకు ఆగిపోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పి.ఎఫ్. అసలే లేనివాళ్ల పోరాటం వేరే ఉంది, దాని గురించి ఉదయం మాట్లాడారు. ఉన్నవాళ్లకైనా ఆ డబ్బు ఎవరికి, ఎలా చేరుతుందన్నది నా విషయం.

నాలుగేళ్ల కిందట మా దగ్గరికి ఒకావిడ వచ్చింది. పేరూ ఊరూ చెప్పను. భర్త ఒక ఫ్యాక్టరీలో కంట్రాక్టరు కింద పన్నెండేళ్లు చేసి, గుండెపోటుతో పోయాడు. ఇద్దరు పిల్లలు. దినాలు కాగానే మరిది ఆమె చేత ఒక తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకోబోతే, చదువుకున్న పక్కింటి పిల్ల ఆపింది. ఫారం తెప్పించి చూస్తే నామినీగా అతని తల్లి పేరుంది. పెళ్లికి ముందు, పనిలో చేరిన రోజున రాసింది. "నాకేం ఎరుక మేడం, పెండ్లయినంక మార్చుకోవాలని ఆయనకు సుత ఎరుక లేకపాయె" అంది.

ఇక్కడ మనం తొందరపడి అత్తను దుర్మార్గురాలిని చేసేస్తాం. నేనూ అలాగే బయల్దేరాను. వాళ్లింటికి వెళ్లి చూస్తే ఆమెకు డెబ్భై ఏళ్లు, చూపు సరిగ్గా లేదు, ఒక కొడుకు మీదే బతికింది. "నా కొడుకు పైసలు గుంజుకుంటే రేపటి సంది నాకు బువ్వ ఎవరు పెడతరు?" అని అడిగింది. ఆమె ప్రశ్నలో తప్పేముంది? ఇద్దరు ఆడవాళ్లు, ఒక కాగితం. దాన్ని రాసినవాడు లేడు, రాయించినవాడు కంట్రాక్టరు గుమాస్తా. ఆ గుమాస్తా ఇప్పుడు ఆ ఫ్యాక్టరీలోనే లేడు.

ఆ కాగితాన్ని ఫారం 2 అంటారు. అందులో రెండు భాగాలుంటాయి. మొదటిది ప్రావిడెంట్ ఫండ్‌కు, రెండోది పెన్షనుకు. కింద యజమాని సంతకం చేయాల్సిన చోట ఒక వాక్యం ఉంటుంది: కార్మికుడు దీన్ని చదువుకున్నాక, లేదా నేను చదివి వినిపించాక, నా ఎదుట సంతకం లేక వేలిముద్ర వేశాడని దాని అర్థం. ఈ గదిలో ఎవరికైనా అలా చదివి వినిపించారా? ఇరవైయేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఒక్కరు కూడా అవునని చెప్పలేదు.

ఆ ఫారంలో ఏమేం రాసుకోవచ్చో చూద్దాం. ఒక్కరి పేరే రాయాలని లేదు. ఇద్దరు ముగ్గురి పేర్లు రాసి ఎవరికెంత శాతమో నిర్ణయించవచ్చు. భార్యకు అరవై, తల్లికి నలభై అనవచ్చు. పిల్లలు చిన్నవాళ్లయితే వాళ్ల వాటాకు సంరక్షకులుగా ఎవరుండాలో పేరు రాయవచ్చు. ఆ గడి ఖాళీగా వదిలేస్తే తర్వాత పెద్దమనుషులు తీర్పు చెప్తారు, ఆ పెద్దమనుషుల్లో మరిదీ ఉంటాడు. అంతేకాదు, పేర్లను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఆ కుటుంబంలో అతను అరవై, నలభై అని రెండు అంకెలు రాసి ఉంటే, ఇద్దరు ఆడవాళ్లు శత్రువులయ్యేవాళ్లు కారు.

నామినీగా రాసిన మనిషి కుటుంబంలోని వ్యక్తే అయి ఉండాలి. ఈ పథకంలో కుటుంబమంటే భార్య లేదా భర్త, పిల్లలు, ఆధారపడిన తల్లిదండ్రులు, చనిపోయిన కొడుకు భార్యాపిల్లలు. అన్నదమ్ములు అందులో లేరు. కుటుంబం ఉండగా అన్న పేరో తమ్ముడి పేరో రాస్తే చెల్లదు. కుటుంబమే లేని రోజుల్లో ఎవరి పేరైనా రాయవచ్చు కానీ కుటుంబం ఏర్పడగానే అది రద్దయిపోతుంది. తల్లి పేరు దగ్గరే చిక్కు. ఆధారపడిన తల్లి కుటుంబమే కదా, పెళ్లయ్యాక ఆ పాత నామినేషన్ ఉంటుందా పోతుందా అని ఏళ్ల తరబడి కోర్టుల్లో నలుగుతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి ఒకరి కేసులో, పెళ్లికి ముందు తల్లి పేరు రాసి తర్వాత మార్చకపోతే, ఆ జనరల్ ప్రావిడెంట్ ఫండ్ భార్యకూ తల్లికీ చెరిసగమని సుప్రీంకోర్టు 2025 డిసెంబరులో తీర్పు చెప్పింది. ఆ ఉద్యోగి చనిపోయింది 2021లో. నాలుగేళ్లు, మూడు కోర్టులు.

మన ఇద్దరు ఆడవాళ్లు కోర్టుకు వెళ్లలేదు. డబ్బు అత్త ఖాతాలో పడింది. మరిది బ్యాంకు గడప దగ్గరే నిలబడ్డాడు. ఆమె లోపలికి కోడలి చెయ్యి పట్టుకుని వెళ్లి సగం ఆమె ఖాతాకు వేయించింది. ఎందుకలా చేసిందో నాకు చెప్పలేదు. కానీ ప్రతి ఇంట్లో అలా జరుగుతుందని నమ్మి మనం పని చేయలేం.

ఇప్పుడు పేరే రాయకపోతే ఏమవుతుంది? పథకం ప్రకారం కుటుంబ సభ్యులందరికీ సమాన వాటాలు. వినడానికి బాగుంది. కానీ కొందరిని తీసేశారు. యుక్తవయసు వచ్చిన కొడుకులకు రాదు. భర్త బతికి ఉన్న కూతుళ్లకు రాదు. మన దగ్గర భర్త బతికి ఉన్న కూతుళ్లంటే ఎవరు? అందరూ కాపురం చేసుకుంటున్న వాళ్లేనా? సేడం వైపో చించోళి వైపో పెళ్లి చేసి పంపితే ఏడాది తిరక్కుండా తన్ని తరిమేస్తే, తల్లిగారింటికి వచ్చి పప్పు మిల్లులో ఏరుడు పని చేసుకుంటున్న పిల్లలు ఈ ఊళ్లో ఎంతమంది లేరు? ఆ భర్త ఎక్కడో బతికే ఉన్నాడు. కాబట్టి తండ్రి పి.ఎఫ్.లో ఆ కూతురికి పైసా రాదు. చట్టం దృష్టిలో ఆమెను చూసుకునే మగవాడు ఒకడున్నాడు! అదే తండ్రి ఆమె పేరు ఫారంలో రాసి ఉంటే, పెళ్లయినా కాకున్నా ఆమెకు చేరుతుంది. ఇంట్లో అలాంటి కూతురు ఉన్నవాళ్లు ఈ ఒక్క మాట భర్తకు చెప్పండి. మీకే పి.ఎఫ్. ఉంటే రేపే మీరు రాయండి.

పెన్షను సంగతి వేరు. 1995 నవంబరు 16న మొదలైన పెన్షను పథకంలో ఉద్యోగంలో ఉండగా కార్మికుడు చనిపోతే, ఒక్క నెల చందా కట్టి ఉన్నా, భార్యకు పెన్షను వస్తుంది. అతను ఫారంలో తల్లి పేరు రాసినా, అన్న పేరు రాసినా, అసలు రాయకపోయినా, అది పెళ్లాడిన భార్యకే. వదిలేసి ఇంకొకరితో ఉన్నవాడు పోయినా చట్టబద్ధమైన భార్యకే. ఇద్దరు పిల్లలకు ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా ఆమె పెన్షనులో పావు వంతు చొప్పున విడిగా వస్తుంది. దీనికి ఫారం 10-డి పెట్టాలి. మా ఆవిడకు ఇది కూడా తెలీదు. అత్త పేరు చూసి అంతా పోయిందనుకుంది.

ఎంత వస్తుందని అడుగుతారు. 2014 సెప్టెంబరులో నిర్ణయించిన కనిష్ఠ మొత్తం నెలకు వెయ్యి రూపాయలు. కంట్రాక్టరు రికార్డులో జీతం ఎంత తక్కువ చూపిస్తే పెన్షను అంత తక్కువ. 2019 నుంచి మన రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఆసరా పెన్షనే 2,016 రూపాయలు! పైగా ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోతుంది. అతని చందాతో వచ్చిన డబ్బుకీ, ఆమె మళ్లీ పెళ్లికీ సంబంధమేమిటని ఎవరూ అడగలేదు.

మూడోది బీమా. పి.ఎఫ్.తో పాటే ఉంటుంది, కార్మికుడి జీతంలోంచి దీనికి ఏమీ కోయరు. 2021 ఏప్రిల్ నుంచి గరిష్ఠం ఏడు లక్షలు, ఏడాది పాటు వరుసగా పనిలో ఉన్నవాడు పోతే కనీసం రెండున్నర లక్షలు. ఇది పి.ఎఫ్. నామినీకే వెళ్తుంది. వాళ్లంతట వాళ్లు ఇస్తారులే అని ఊరుకోకండి, అడగాలి.

ఇక్కడ అసలు సమస్య మొదలవుతుంది. ఒకేసారి అయిదారు లక్షలు పడతాయి. ఆ డబ్బు ఒక భర్త పోయిన మనిషి ఖాతాలో ఎన్నాళ్లుంటుంది? నేను చూసినంతవరకు ఆరు నెలలు. మరిది బోరు, అన్న ప్లాటు, అప్పులవాళ్లు, చివరికి పదిహేనేళ్ల కూతురి పెళ్లి. పాపం డబ్బు ఉంది కదా, పిల్ల పెళ్లి చేసెయ్ అంటారు. చదివిద్దాం అనేవాళ్లు తక్కువ.

అప్పులవాళ్ల విషయం ముందు తేల్చుకుందాం. పి.ఎఫ్. డబ్బును జప్తు చేయడానికి వీల్లేదు. 1952 చట్టం పదో సెక్షను స్పష్టంగా చెప్పింది: సభ్యుడు చనిపోయాక నామినీకి చెందే మొత్తానికి, చనిపోయినవాడి అప్పులతోగానీ, నామినీ అంతకుముందు చేసిన అప్పులతోగానీ సంబంధం లేదు. ప్రామిసరీ నోటు పట్టుకుని దినాల రోజే వచ్చే మనిషికి ఈ మాట చెప్పగలగాలి. జీవిత బీమా పాలసీకి కూడా ఇలాంటి రక్షణ ఉంది. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం ఆరో సెక్షను కింద భర్త పాలసీ తీసుకుంటే అది భార్యాపిల్లల కోసం పెట్టిన ట్రస్టు. అప్పులవాళ్లు ముట్టుకోలేరు. 1923 నుంచి హిందువులకూ ముస్లింలకూ కూడా ఇది వర్తిస్తుంది. కాకపోతే పాలసీ తీసుకునేటప్పుడే అలా రాయించాలి. ఏజెంట్లు తమంతట తాము చెప్పరు.

ఇక డబ్బు ఎలా అందాలన్నది. పి.ఎఫ్. ఒకేసారి వస్తుంది, పెన్షను నెలనెలా వస్తుంది. అక్కడ మనకు ఎంపిక లేదు. జీవిత బీమా సంస్థ పాలసీలు కొన్నింటిలో ఉంది. తాను పోయాక ఆ మొత్తాన్ని ఒకేసారి కాకుండా అయిదు, పది లేదా పదిహేనేళ్ల పాటు వాయిదాల్లో ఇవ్వమని పాలసీదారు ముందే రాసిపెట్టవచ్చు. రాశాక నామినీ దాన్ని మార్చలేదు. ఇది మంచిదా చెడ్డదా అని మా సంఘంలో పెద్ద చర్చే జరిగింది. మరిదీ అన్నా అడిగితే "నా చేతుల్లో లేదు" అని చెప్పుకోవడానికి ఆమెకు ఒక ఆధారం దొరుకుతుంది. మరి రేపు ఆమెకే ఆపరేషను అవసరమైతే? మొత్తానికీ కాకుండా కొంత భాగానికే అలా రాయవచ్చు. నా అభిప్రాయం అదే. అయితే భార్యాభర్తలు ఇద్దరూ కూర్చుని నిర్ణయించాలి. పోయినవాడు పైనుంచి ఆమె ఖర్చును పదిహేనేళ్లు నడిపించడం నాకు నచ్చదు.

ఎందుకు నచ్చదో చెప్తాను. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టంలో ఒక నిబంధన ఉండేది. మొత్తంగా ఇచ్చే పరిహారాన్ని "స్త్రీకి లేక చట్టరీత్యా అశక్తులైన వారికి" నేరుగా ఇవ్వకూడదు, కమిషనరు దగ్గర జమచేయాలి. స్త్రీ ఒక వైపు, మైనర్లూ మతిస్థిమితం లేనివాళ్లూ ఒక వైపు, మధ్యలో ఒక "లేక". ఆమెను దోచుకుంటారన్న భయం నిజమే. కానీ దోచుకునేవాళ్లను వదిలి ఆమెనే అశక్తురాలిని చేశారు.

ఆమె తానే చేసుకోగల పద్ధతి ఒకటుంది. క్లెయిం పెట్టకముందే ఆమె ఒక్కదాని పేరుతో ఖాతా తెరవండి. మరిదితో కలిపి జాయింటు ఖాతా వద్దు. డబ్బు పడగానే కొంత పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో వేయించండి. 2023 ఏప్రిల్ నుంచి ఒక్కరి పేరున తొమ్మిది లక్షల దాకా వేయవచ్చు. అప్పటి 7.4 శాతం వడ్డీ లెక్కన అయిదు లక్షలకు నెలకు 3,083 రూపాయలు. వడ్డీ రేటు మారుతుంటుంది, వేసేరోజు అడగండి. కావాల్సి వస్తే ఏడాది తర్వాత కొంత కోత భరించి మూసేయవచ్చు కూడా.

ఇప్పుడు ఆ పదకొండు మంది వైపు తిరుగుతాను. మన డబ్బు మనం పోయాక ఎవరికి?

2009లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. ఒకామె పెళ్లయిన మూడు నెలలకే భర్త పాము కరిచి చనిపోయాడు. అత్తవారు వెళ్లగొట్టారు. తల్లిదండ్రులు చదివించారు, ఉద్యోగం చేసింది, 1996లో పోయింది. బ్యాంకు డబ్బు, ప్రావిడెంట్ ఫండ్ మిగిలాయి. వీలునామా రాయలేదు. తల్లి అడిగింది, భర్త అక్కచెల్లెళ్ల కొడుకులు అడిగారు. కోర్టు ఆ కొడుకులకే ఇచ్చింది. ఎందుకంటే 1956 హిందూ వారసత్వ చట్టం పదిహేనో సెక్షను ప్రకారం పిల్లలూ భర్తా లేని స్త్రీ స్వార్జితానికి ముందు భర్త వారసులు, ఆ తర్వాతే కన్నతల్లిదండ్రులు. వెళ్లగొట్టిన ఇంటికే ఆమె జీవితకాలపు సంపాదన వెళ్లింది. 2025 నవంబరులో అదే కోర్టు, ఇలాంటి తగాదాలు రాకుండా స్త్రీలందరూ వీలునామా రాసుకోవాలని కోరింది. చట్టం మార్చే బదులు మనల్ని రాసుకోమన్నారు. సరే, ముందు రాసుకుందాం, చట్టం సంగతీ అడుగుదాం.

ప్రావిడెంట్ ఫండ్ పథకంలో ఎవరికీ తెలియని ఒక మంచి నిబంధన ఉంది. మగవాడు భార్యను కుటుంబంలోంచి తీసేయాలంటే, ఆమెకు మనోవర్తి హక్కు పోయిందని రుజువు చేయాలి. స్త్రీ సభ్యురాలు మాత్రం భర్తను తీసేయాలంటే కమిషనరుకు రాతపూర్వకంగా నోటీసు ఇస్తే చాలు. కారణం చెప్పక్కర్లేదు. విడాకుల కాగితం చూపించక్కర్లేదు. నోటీసు ఇచ్చాక అతనూ అతని తల్లిదండ్రులూ ఆమె కుటుంబం కారు. ఇంత మంచి మాట రాసి పెట్టి, దాన్ని ఎవరికీ చెప్పలేదు.

పెన్షను పథకంలోని కుటుంబ నిర్వచనంలో ఈ వెసులుబాటు లేదు. తన్ని తరిమినవాడైనా చట్టరీత్యా భర్తే, ఆమె పోతే పెన్షను అతనికే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు 2024 జనవరిలో కొంత దారి ఇచ్చారు. విడాకుల కేసో గృహహింస కేసో నడుస్తుంటే, కుటుంబ పెన్షను భర్త కంటే ముందు పిల్లలకు ఇవ్వమని రాసుకోవచ్చు. బండలు మోసేవాళ్లకు ఎందుకు లేదు? 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. దాని కింద కొత్త పథకాలు రాయాల్సి ఉంది. మన సంఘాలు విన్నపం పంపాల్సింది ఇప్పుడే.

ఒక ఆచరణ సమస్య. ఇప్పుడు నామినేషన్ కంప్యూటరులో చేస్తున్నారు, ఆధార్‌కు కట్టిన ఫోను నంబరుకు అంకెలు వస్తాయి. మీ ఆధార్‌కు ఎవరి నంబరు కట్టి ఉంది? భర్తదా, ముకద్దందా? ముందు ఆ నంబరు మార్పించుకోండి. లేకపోతే మీరు భర్త పేరు తీసేస్తున్న సంగతి ముందు భర్త ఫోనుకే చేరుతుంది.

భోజనాల దగ్గర ఒక చెల్లెలు నన్ను పక్కకు పిలిచి అడిగింది, ఆమె అనుమతితో చెప్తున్నాను. "భర్త వదిలేసి తొమ్మిదేండ్లాయె, పిల్లలు లేరు, అవ్వ నాయన పోయిండ్రు. అక్క కాడ ఉంటున్న. అక్క పేరు రాయిచ్చిన, నడుస్తదా అక్కా?" అంది. నడవదమ్మా. అక్క ఆ నిర్వచనంలో లేదు, భర్త ఉన్నాడు. భర్త ఉండగా అక్క పేరు చెల్లదు. నువ్వు రెండు కాగితాలు పెట్టాలి, ఒకదాని తర్వాత ఒకటి. మొదటిది, భర్తను కుటుంబంలోంచి మినహాయిస్తున్నానని కమిషనరుకు నోటీసు. అది అందినట్టు ముద్ర వేయించుకోవాలి. అప్పుడు నీకు ఆ పథకం లెక్కలో కుటుంబం లేదు, కాబట్టి ఎవరి పేరైనా రాయవచ్చు. రెండోది, అక్క పేరుతో కొత్త నామినేషన్. పాతది మళ్లీ పనికొస్తుందనుకోవద్దు. రెండింటి నకళ్లూ అక్క దగ్గర ఉంచు, నీ పెట్టెలో కాదు. బయట బల్ల దగ్గర నోటీసు నమూనా పెట్టాం, తెలుగులోనూ ఉర్దూలోనూ ఉంది. సంతకం రానివాళ్లకు చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకుంటాం.